“పది బాణాలే వేశా తమ్ముడూ” అంటే నమ్మకండి: సెకండ్‌హ్యాండ్ క్రాస్‌బో కొనేవాళ్ళకి జాగ్రత్త

ఒహాయోలో కొలంబస్ వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నవాళ్ళకి ఆయన పేరు చెప్పక్కర్లేదు. సీజన్ దగ్గర పడగానే ఏదో ఒక వేట సామాను అమ్మకానికి పెట్టే పెద్దమనిషి, పాట్‌లక్‌లకి జింక వేపుడు పట్టుకొచ్చే అన్న. ఆయన దగ్గర ఏదైనా కొందామని చూస్తుంటే ముందు ఇది చదవండి. కడుపు మండి రాస్తున్నా, వరస తప్పితే సర్దుకోండి.

ఫిబ్రవరిలో డ్రైవ్‌వే మీద ఐసుకి జారి కుడి భుజం మీద పడ్డా. రొటేటర్ కఫ్ (భుజం చుట్టూ ఉండే కండరాల పట్టు) చిరిగింది. సర్జరీ, స్లింగ్, ఫిజియోథెరపీ, ఆ పురాణమంతా ఇప్పుడొద్దు. ఆగస్టులో సర్జన్ ఈ ఏడు విల్లు లాగడం కుదరదని తేల్చేసింది. కాంపౌండ్ బో (చివర్లలో చక్రాలున్న విల్లు) పూర్తిగా లాగాక చేతి మీద పన్నెండు పౌండ్లే ఉంటుంది కదా డాక్టర్ అని బేరమాడా. “అక్కడిదాకా ఆ అరవై పౌండ్లూ ఎవరు లాగుతారు?” అంది. నోరు మూసుకుని వచ్చేశా.

ఒహాయోలో ఉండటం ఒక రకంగా అదృష్టం. ఇక్కడ సెప్టెంబర్ చివర్లో మొదలయ్యే ఆర్చరీ సీజన్ మొత్తం క్రాస్‌బో (తుపాకీలా భుజానికి ఆనించి ట్రిగ్గర్ నొక్కే విల్లు) వాడుకోవచ్చు, దానికి వేరే డాక్టర్ సర్టిఫికెట్టూ అదీ ఏం అక్కర్లేదు. ఒరెగాన్‌లో మా బావమరిదికి ఆ వీలు లేదు, అక్కడ వేటకి క్రాస్‌బో అసలే నిషేధం. తుపాకీ పట్టొచ్చుగా అని అడిగేవాళ్ళకి: హెచ్1బీ మీద ఉన్నవాడు తుపాకీ ముట్టుకోవాలంటే ఫెడరల్ చట్టంలో హంటింగ్ లైసెన్స్ మినహాయింపు ఒకటుంది, నిజమే. కానీ వీసా స్టాంపింగ్‌కి వెళ్ళిన ప్రతిసారీ ఆ టెన్షన్ నాకెందుకు? అందుకే మొదటి నుంచీ బాణమే.

నాకు కావాల్సింది క్రాంక్ (తిప్పే పిడి) ఉన్న క్రాస్‌బో. తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. క్రాస్‌బో స్ట్రింగ్ (విల్లు నారి) లాగాలంటే మామూలుగా 150 నుంచి 200 పౌండ్ల బలం కావాలి. తాడుతో కాక్ చేస్తే, అంటే స్ట్రింగ్‌ని వెనక్కి లాగి బిగిస్తే, అందులో సగం మన చేతుల మీద పడుతుంది. అంటే నా భుజానికి అదీ కుదరదు. క్రాంక్ పెట్టి తిప్పితే మాత్రం పది ఇరవై పౌండ్ల బలం చాలు, ఎడమ చేత్తో కూడా తిప్పుకోవచ్చు. క్రాంక్‌తో కొత్తది కొందామంటే సరైనది వెయ్యి డాలర్ల పైమాటే. సరిగ్గా అప్పుడే గ్రూపులో అన్నగారి పోస్ట్ పడింది. క్రాంక్, స్కోప్, క్వివర్ (బాణాల పొది), ఆరు బోల్టులు (క్రాస్‌బో బాణాలు), అన్నీ కలిపి 650. “పది బాణాలే వేశా తమ్ముడూ, పిల్లల సాకర్‌తో టైమ్ దొరకట్లేదు. నీ భుజానికి ఇది దేవుడిచ్చిన వరం అనుకో.”

వరమే మరి. జెల్ (బ్యాంకు నుంచి నేరుగా పంపే యాప్) లో డబ్బు కొట్టేశా. ఇంట్లో కూర్చోబెట్టి వాళ్ళావిడ చేత టీ కూడా ఇప్పించాడు.

ఇంటికి తెచ్చాక ఒక్క బాణం కూడా వెయ్యలేదు. అది నా తెలివి అనుకోకండి, భుజం భయం. కాక్ చేసేటప్పుడు ఏమైనా తేడా వస్తే మళ్ళీ ఆపరేషన్ టేబుల్ ఎక్కాలి. అందుకని స్ట్రింగ్‌కి వ్యాక్స్ రాసి, స్కోప్ సరిచూసి, క్రాంక్ తిప్పడం ఒకసారి నేర్పించమని ఊరి చివర ఆర్చరీ షాపుకి పట్టుకెళ్ళా. కౌంటర్ వెనకాల ఉన్న ముసలాయన కేసు తెరిచి విల్లు బయటికి తీశాడు. తీసినవాడు దాన్ని తిప్పి చూసి, నా మొహం చూసి, మళ్ళీ విల్లు చూశాడు. ఏం మాట్లాడలేదు. డ్రాయర్‌లోంచి దూది ఉండ తీసి లింబ్ (విల్లుకి రెండు వైపులా వంగే రెక్క) అంచు వెంబడి మెల్లగా రాసుకుంటూ వెళ్ళాడు. కామ్ (లింబ్ చివరి చక్రం) దగ్గరికి రాగానే దూది ఆగిపోయింది. లాగితే నాలుగు పోగులు లింబ్‌కే అంటుకుని ఉండిపోయాయి. నా వేలు పట్టి అక్కడ పెట్టించాడు. కంటికి సరిగ్గా ఆనదు కానీ గోరు ఆనుతుంది, వెంట్రుకంత పగులు. పక్కనే కామ్ అంచు కొద్దిగా వంగి ఉంది. స్ట్రింగ్ మీద చుట్టిన దారం ఒకచోట రేగిపోయింది.

“డ్రై ఫైర్” అన్నాడు. అంటే బాణం లేకుండా వదిలేయడం. బాణం మోసుకుపోవాల్సిన శక్తంతా వెనక్కి తిరిగి లింబుల్లోకి, కామ్‌ల్లోకి కొడుతుంది. అలా ఒక్కసారి జరిగితే చాలు. ఆ తర్వాత ఎప్పుడో ఒక రోజు, చెంప ఆనించి గురి చూస్తున్నప్పుడు లింబ్ పేలొచ్చు.

ఆయన అంతటితో ఆగలేదు. క్వివర్‌లోంచి బోల్టులు తీసి వెనక చివరలు చూశాడు. స్ట్రింగ్ ఆనే ఆ చివరని నాక్ అంటారు. మూడింటికి హాఫ్‌మూన్ నాక్ (గాడి ఉన్నది), మూడింటికి ఫ్లాట్ నాక్ (చదునుది). ఈ మోడల్ మాన్యువల్‌లో ఫ్లాట్ వాడొద్దని ఎర్ర అక్షరాలతో రాసుందట. ఫ్లాట్ నాక్ పెడితే స్ట్రింగ్ బాణం మీదికో కిందికో జారిపోవచ్చు, అప్పుడు బాణం ఉన్నా లేనట్టే. “ఇలాగే అయ్యుంటుంది. అప్పుడే చెప్పా” అన్నాడు.

అప్పుడే ఏంటి?

కంప్యూటర్‌లో వెతికి స్క్రీన్ నా వైపు తిప్పాడు. అదే సీరియల్ నంబర్. జులైలో తెచ్చి చూపించారట. కంపెనీకి వారంటీ కోసం ఫొటోలు పంపారు, డ్రై ఫైర్‌కి వారంటీ వర్తించదని వాళ్ళు తిప్పికొట్టారు. లింబులు, స్ట్రింగ్ మార్చడానికి షాపు వేసిచ్చిన లెక్క 340 డాలర్లు. తెచ్చినవాళ్ళు అక్కర్లేదని పట్టుకుపోయారు. పేరు వేలితో మూశాడు కానీ నాకు చదవాల్సిన పని లేదు.

అక్కడే నిలబడి ఫోన్ చేశా. రెండో రింగుకే ఎత్తాడు. “చెప్పు తమ్ముడూ, జింక పడిందా?” అన్నాడు నవ్వుతూ. “లింబ్ పగిలింది అన్నా, మీకు ముందే తెలుసంట కదా” అని అడిగా. ఒక్క క్షణం నిశ్శబ్దం. “ఎవడు చెప్పాడు? ఆ ముసలోడా? వాడికి లింబులు అమ్ముకోవాలి, అలాగే చెప్తాడు.” జులై రికార్డు చూశానన్నా. అప్పుడు గొంతు మారింది. “చూడు, యాజ్ ఈజ్ అని, అంటే ఉన్నదున్నట్టే అని, పోస్టులోనే పెట్టా. నువ్వు చిన్నపిల్లాడివేం కాదు. అయినా నీ భుజంతో ఎలా తిప్పావో ఏం చేశావో నాకేం తెలుసు? చెయ్యి సరిగ్గా లేనివాళ్ళకి ఈ వేటలూ అవీ ఎందుకు తమ్ముడూ, ఇంట్లో కూర్చుని క్యారమ్స్ ఆడుకో.”

స్పీకర్‌లో పెట్టి ఉంది. ముసలాయనకి తెలుగు రాదు కానీ తల దించుకున్నాడు.

డబ్బు పోతే పోయింది. ఆ క్యారమ్స్ మాట మాత్రం దిగడం లేదు. నా భుజం సంగతి తెలిసి, అది చూపించే నాకు అంటగట్టి, దొరికిపోయాక ఆ భుజాన్నే నా మొహాన కొట్టాడు. పైగా చివర్లో ఉదారంగా ఒక ఆఫర్: “కావాలంటే 300కి నేనే వెనక్కి తీసుకుంటాలే.” ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది. వచ్చే నెల ఇంకొకడికి ఇంకో వరం. ఇవ్వనన్నా. సాయంత్రానికి గ్రూపులోంచి నన్ను తీసేశారు. అడ్మిన్ ఎవరో కూడా మీకు తెలుసు.

పోస్టులో యాజ్ ఈజ్ అని నిజంగానే ఉంది, కిందెక్కడో, మూడు దండం ఎమోజీల తర్వాత. మనవాడే కదా అని చదవని నన్ను అనాలి. ఇక్కడ ముక్కూ మొహం తెలియని అమెరికన్ దగ్గర కొనుంటే నాలుగు ప్రశ్నలు అడిగేవాణ్ణి, ఆ టీ నా నోరు కట్టేసింది.

సరే, కొనేవాళ్ళకి నాలుగు మాటలు. డబ్బు ఇచ్చే ముందే సీరియల్ నంబర్ అడిగి కంపెనీకి ఫోన్ చేయండి. చాలా కంపెనీలు వారంటీ మొదటి ఓనర్‌కి మాత్రమే ఇస్తాయి, సెకండ్‌హ్యాండ్‌లో కొంటే అది మనకి రాదనే లెక్కేసుకోండి. జేబులో దూది ఉండ ఒకటి పెట్టుకెళ్ళి లింబులన్నీ రాసి చూడండి, ముఖ్యంగా కామ్‌లకి దగ్గర్లో. అమ్మేవాడు షాపుకి వచ్చి చూపించడానికి ఒప్పుకోకపోతే అక్కడితో వదిలేయండి. జెల్‌లో పంపిన డబ్బు వెనక్కి రాదు, బ్యాంకులో అడిగితే మీరే పంపారు కదా అన్నారు. బోల్టుల నాక్ మాన్యువల్‌తో సరిపోల్చుకోండి. భుజం ఆపరేషన్ అయినవాళ్ళు క్రాంక్ ఆ మోడల్‌కి సరిపోయేదో కాదో విడిగా కనుక్కోండి, అన్ని క్రాంకులూ అన్నిటికీ పట్టవు. ఏడెనిమిది పౌండ్ల బరువు గురి చూస్తూ మోయాలి కాబట్టి మోనోపాడ్ (ఒంటికాలి ఊతకర్ర) కూడా తీసుకోండి. ఎంత అలవాటున్నా సరే, ముందు చెయ్యి బొటనవేలు బాణం జారే పట్టీ (రైల్) పైకి రానివ్వకండి, స్ట్రింగ్ వేలు తీసుకుపోతుంది.

ఆ విల్లు ఇప్పుడు నా గరాజ్‌లో ఉంది, స్ట్రింగ్ కోసేశా. ఒహాయో స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో (చిన్న మొత్తాల కేసులకి) 6,000 డాలర్ల దాకా వేయొచ్చని చదివా. షాపు ఆయన జులై కాగితం కాపీ కోర్టు అడిగితే ఇస్తానన్నాడు. యాజ్ ఈజ్ అని రాసినా లోపం తెలిసి దాచినట్టు రుజువైతే కేసు నిలబడుతుందా? మా ఫ్రాంక్లిన్ కౌంటీలో కేసు వేసిన అనుభవం ఎవరికైనా ఉంటే ఒక మెసేజ్ పెట్టండి.