మెరిసే అద్దాన్ని చూసి పాత టెలిస్కోప్ కొనేయకండి

సెకండ్ హ్యాండ్‌లో పాత రిఫ్లెక్టర్ టెలిస్కోప్, అంటే లెన్సుకి బదులు అద్దంతో వెలుగుని పోగుచేసే టెలిస్కోప్ కోసం చూస్తున్నవాళ్లు డబ్బు చేతిలో పెట్టేముందు ఇది చదవండి. నేను ఈమధ్యే ఒకటి కొని బాగా దెబ్బతిన్నాను. అమ్మినాయనకు అసలు సంగతి తెలుసో లేదో నేను చెప్పలేను. కానీ పది నిమిషాల పరీక్ష చేసుకుని ఉంటే మాత్రం దాన్ని అక్కడే వదిలేసి వచ్చేవాణ్ని.

అది ఆరంగుళాల న్యూటోనియన్, అంటే గొట్టం అడుగున పెద్ద అద్దం, పైన వెలుగుని పక్కకి మళ్లించే చిన్న అద్దం ఉండే రకం. పెద్ద అద్దం వ్యాసం 150 మి.మీ., ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి వెలుగు ఒకచోట చేరే దూరం) 1200 మి.మీ. గొట్టం మీద పెయింట్ అక్కడక్కడా లేచిపోయింది. దానికి బరువైన ఈక్వటోరియల్ మౌంట్ (ఆకాశం తిరిగే దారినే టెలిస్కోప్‌ని తిప్పే స్టాండు), ఇత్తడి పళ్లచక్రాలు. చూడగానే మనసు పడింది. మూత తీసి లోపలికి టార్చి వేస్తే అద్దం ఒక్క మచ్చ లేకుండా తళతళలాడింది. "మొన్ననే కొత్త కోటింగ్ వేయించానండీ" అన్నారు ఆయన. ఆ మాట నిజమే. చీకటి పడగానే 25 మి.మీ. ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) పెట్టి చంద్రుణ్ని చూపించారు. గుంటలు, వాటి అంచుల నీడలు చూసి ఇంకేం ఆలోచించలేదు. బేరం కూడా ఆడలేదు.

చంద్రుడితోనే బుట్టలో పడ్డాను. 25 మి.మీ. ఐపీస్‌తో ఆ టెలిస్కోప్ పెంచి చూపేది 48 రెట్లే. అంత వెలుగులో, అంత తక్కువ పవర్‌లో ఎలాంటి అద్దమైనా బాగానే కనిపిస్తుంది.

ఇంటికి తెచ్చాక 6 మి.మీ. ఐపీస్ పెట్టి, అంటే 200 రెట్లలో, గురుగ్రహం వైపు తిప్పాను. ఆరంగుళాల అద్దంలో గురుడి రెండు ప్రధాన పట్టీలు స్పష్టంగా కనపడాలి. నాకు మాత్రం తడి చేత్తో తుడిచేసినట్టు అలుక్కుపోయి కనిపించాయి. ఫోకసర్ (ఐపీస్‌ని ముందుకూ వెనక్కూ జరిపే భాగం) నాబ్ ఎంత తిప్పినా ఏ చోటా తేటపడలేదు.

అప్పుడు ధ్రువ నక్షత్రం మీద స్టార్ టెస్ట్ చేశాను. ఫోకస్‌కి కొంచెం లోపలికి, ఆ తర్వాత అంతే బయటికి జరిపి చూడాలి. మంచి అద్దమైతే రెండు వైపులా గుండ్రటి బిళ్ల, అందులో ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలు, నడిమధ్య చిన్న అద్దం తాలూకు నల్లటి నీడ కనిపిస్తాయి. నాకు ఒక వైపు అది అడ్డంగా పడుకున్న బియ్యపు గింజలా సాగింది, రెండో వైపు నిలువుగా లేచి నిలబడింది. దీన్నే ఆస్టిగ్మాటిజం అంటారు.

ముందు నా కన్నే అనుకుని తల పక్కకి వంచి చూశాను, ఆ సాగుడు తలతో పాటు తిరగలేదు. ఐపీస్ తిప్పాను, ఐనా కదల్లేదు. అద్దాన్ని పట్టుకునే క్లిప్పులు మరీ బిగుసుకున్నాయేమోనని వదులు చేశాను, మార్పేమీ లేదు. చివరికి పెద్ద అద్దాన్నే దాని సెల్‌లో (అది కూర్చునే చట్రంలో) పావు చుట్టు తిప్పి, మళ్లీ కొలిమేషన్ చేసి, అంటే అద్దాలు రెండూ ఒకే వరసలోకి వచ్చేలా సరిచేసి, చల్లబడేదాకా ఆగి చూశాను. ఈసారి సాగిన దిక్కు కూడా పావు చుట్టు తిరిగింది. ఇక అనుమానం లేదు, ఆ గాజు ఆకారమే వంకర. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కోటింగ్ అంటే సుమారు 100 నానోమీటర్ల మందం ఉండే అల్యూమినియం పొర. వాక్యూమ్ ఛాంబర్‌లో వేస్తారు. కింద గాజు ఏ ఆకారంలో ఉంటే అదే ఆకారంలో అంటుకుంటుంది తప్ప వంకరని సరిచేయదు. 1990లో అంతరిక్షంలోకి పంపిన హబుల్ టెలిస్కోప్ అద్దం చూడండి. ఎంతో నునుపుగా పాలిష్ చేసిన 2.4 మీటర్ల అద్దం అది. కానీ అంచు దగ్గర 2.2 మైక్రాన్లు ఎక్కువ చదునుగా తయారైంది. ఆ కాస్త తేడాకే చిత్రాలు మసకబారాయి, 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి బాగుచేయాల్సి వచ్చింది.

అందుకే నేను ఇప్పుడు దుమ్ము పట్టి, కోటింగ్‌లో సూది రంధ్రాలు పడ్డ అద్దాన్ని చూసి భయపడను. దాంతో కాస్త వెలుతురు తగ్గుతుంది, అంతే. కోటింగ్ మళ్లీ వేయించుకోవచ్చు. ఆకారం తప్పితే మాత్రం గాజుని మళ్లీ అరగదీసి మలచాల్సిందే. మెరిసే అద్దం, మాసిపోయిన అద్దం పక్కపక్కన పెడితే, వలయాలు గుండ్రంగా చూపించేదే నాకు కావాలి, అది మాసిపోయినదైనా సరే.

కొనడానికి వెళ్తే రాత్రిపూట వెళ్లండి. గొట్టాన్ని గంటసేపు ఆరుబయట ఉంచమని ముందే చెప్పండి, వేడి తగ్గని అద్దం మంచిదైనా చెడ్డదిలా కనిపిస్తుంది. బాగుందని మీకు తెలిసిన ఐపీస్ వెంట తీసుకెళ్లండి. మబ్బు పడితే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి, ఎంత తొందరపెట్టినా సరే. పగలే వెళ్లాల్సి వస్తే, సూర్యుడికి ఎదురు దిక్కున దూరంగా కరెంటు స్తంభం మీది పింగాణీ ఇన్సులేటర్‌పై ఎండ చుక్కలా మెరుస్తుంటుంది, అది నక్షత్రంలా పనికొస్తుంది.

గొట్టాన్ని వేలితో తట్టి చూడండి, వణుకు రెండు మూడు సెకన్లలో ఆగాలి. ఫోకసర్ రంధ్రం కూడా కొలవండి. కొన్ని పాతవాటిలో 24.5 మి.మీ. ఉంటుంది, ఇప్పుడు దొరికే మామూలు ఐపీస్‌లు 31.75 మి.మీ. పెట్టె మీద రాసిన 600 రెట్లు, 700 రెట్లు లెక్కలోకి తీసుకోవద్దు. 150 మి.మీ. అద్దానికి 300 రెట్లు దాటితే మిగిలేది మసకే.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. నాకిచ్చిన పెట్టెలో ఐపీస్‌కి బిగించే చిన్న నల్లగాజు ఫిల్టర్ వచ్చింది, సూర్యుణ్ని చూడటానికట. పాత టెలిస్కోప్‌లతో ఇవి చాలా వస్తాయి. అద్దం పోగుచేసిన ఎండంతా దాని మీదే పడుతుంది, ఆ వేడికి హఠాత్తుగా పగిలితే ఆ క్షణంలోనే కన్ను పోతుంది. పిల్లల చేతికి అస్సలు అందనివ్వకండి. నేను దాన్ని సుత్తితో పగలగొట్టి పారేశాను.

గొట్టం, మౌంట్ బాగానే ఉన్నాయి కాబట్టి ఉంచుకున్నాను, సరైన అద్దం కోసం వెతుకుతున్నాను. పాత అద్దాన్ని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టి, పైన "ఆస్టిగ్మాటిజం ఉంది, అమ్మకూడదు" అని మార్కర్‌తో రాశాను. గాజు వెనక కూడా అదే రాశాను, పెట్టె మారినా తెలియాలని.