షగ్వానస్ రోటీ షాపు: మేక కూరకన్నా గుమ్మడికాయకే నా ఓటు

కరీబియన్ దీవి ట్రినిడాడ్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్లు రోటీ షాపులో బోర్డు మీద కర్రీ, ఆలూ, చన్నా అని చూసి మన తిండే కదా అని సంబరపడతారు. రెండు ముద్దలు తిన్నాక మొహం మాడ్చుకుంటారు. తాలింపులో ఆవాలు లేవు, కరివేపాకు లేదు, పులుపు అసలే లేదు. మళ్లీ అటువైపు రారు. నేను మాత్రం షగ్వానస్ అనే ఊళ్లో ఒక షాపులో కొన్నేళ్లుగా తింటూనే ఉన్నాను. నా డ్యూటీ ‘పాయింట్ లీసాస్’ అనే పారిశ్రామిక ప్రాంతంలో కాబట్టి ఇంటికెళ్లే దారిలోనే పడుతుంది. ఫిర్యాదులు కూడా రాస్తున్నాను కనుక షాపు పేరు చెప్పను.

ఇక్కడి వంటలో మన రుచి వెతుక్కోవడం దండగ. 1845 మే 30న ఫటెల్ రజాక్ అనే ఓడ కలకత్తా నుంచి కూలీలతో వచ్చింది. అప్పటి నుంచి 1917 దాకా చెరుకు తోటల పనికి సుమారు 1,40,000 మందిని తెచ్చారు. అందులో ఎక్కువమంది బీహార్, నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతాల వాళ్లు. మద్రాసు రేవు నుంచి ఎక్కినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు గానీ వాళ్లు కొద్దిమందే. ఈ షాపు కౌంటర్ మీద వాళ్ల జాడేమీ కనపడదు.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు తడుముకోకూడదు. దాల్‌పూరీయా, బస్సప్ షట్టా? ఏం కూర? పెప్పర్ (అంటే మిరప సాస్) ఎంత? మూడు ప్రశ్నలకీ టకటకా చెప్పాలి, లేకపోతే వెనకాల లైన్లో వాళ్లు గొణుగుతారు. కౌంటర్ ఆవిడ మాత్రం ఎంత రద్దీలోనైనా ‘డార్లింగ్’ అనకుండా పొట్లం చేతికివ్వదు.

దాల్‌పూరీ అంటే మన బొబ్బట్టు లాంటిదే అనుకోండి. కాకపోతే తీపి ఉండదు. బఠాణీ పప్పు ఉడికించి, పొడిపొడిగా రుబ్బి, జీలకర్ర, వెల్లుల్లి, పసుపు కలిపి లోపల పెడతారు. దాని మధ్యలో కూర పోసి, నాలుగు వైపులా మడిచి, కాగితంలో చుట్టి ఇస్తారు. కాగితం కొంచెం కొంచెం కిందికి లాగుతూ తినాలి. ఒకేసారి విప్పితే కూరంతా ఒళ్లోకే. చల్లారితే మాత్రం పప్పు పొడి గొంతుకు అడ్డం పడుతుంది, పార్సిల్‌కు పనికిరాదు.

బస్సప్ షట్ చేసేటప్పుడు చూడాలి. పెద్ద పెనం మీద నూనె రాసిన పరాఠా కాలగానే, వంటావిడ రెండు చేతుల్లో రెండు చెక్క తెడ్లు పట్టుకుని దాన్ని అటూ ఇటూ కుమ్మేస్తుంది. పది క్షణాల్లో పొరలన్నీ విడిపోయి పీలికలు పీలికలవుతుంది. ఆ పీలికలతో కూర తుడుచుకుని తినడమే.

ఇక షాపుకు పేరు తెచ్చిన మేక కూర. రుచి బాగుంటుంది, కాదనను. కర్రీ పొడిని నీళ్లలో కలిపి నూనెలో బాగా మాడువాసన దగ్గరకొచ్చే దాకా వేయిస్తారు, ముక్క మెత్తగా ఉడుకుతుంది. కానీ ఎముకతో సహా నరుకుతారు కాబట్టి సన్నటి ఎముక ముక్కలు వస్తాయి. దాల్‌పూరీలో చుట్టేస్తే అవి కనపడవు, పంటికి తగిలేదాకా తెలియదు. మేక కావాలంటే బస్సప్ షట్‌తో ప్లేటులో తీసుకోండి. ఇంకో బాధ, ఈ మధ్య ఆలుగడ్డ పెరిగి మాంసం తగ్గింది. 50 ట్రినిడాడ్ డాలర్లకు అటూ ఇటూ, అంటే ఆరువందల రూపాయల పైమాట పెట్టి, ఆలుగడ్డలు ఏరుకోవడం ఏం న్యాయం?

అందుకే నేను వెజ్ వైపు మళ్లాను. గుమ్మడికాయను వెల్లుల్లి, మిరపకాయ వేసి, చుక్క నీళ్లు పోయకుండా గుజ్జయ్యేదాకా మగ్గబెడతారు. అడుగు కాస్త అంటిన చోట వచ్చే రుచి ఉంది చూశారూ, దానికోసమే గరిటె అడుగు నుంచి తియ్యమని అడుగుతాను. దానికి తోడు బోడి, అంటే మన బొబ్బర్ల కాయలు, పచ్చిమామిడిని టెంకతో సహా మసాలా, పంచదార వేసి వండిన కూర. అంతా కలిపి మేక రోటీ ధరలో దాదాపు సగమే.

పొద్దున్నే వెళ్లగలిగితే సాదా రోటీ, బైగన్ చోకా దొరుకుతాయి. వంకాయకు గాట్లు పెట్టి, వెల్లుల్లి రెబ్బలు దూర్చి, మంట మీద కాల్చి, చిదిమి, పైన వేడి నూనె పోస్తారు. కాల్చిన వంకాయ పచ్చడి తిన్న నోటికి కొత్తేం కాదు, చింతపండు ఒక్కటే లోటు.

పెప్పర్ సంగతి. ఇది మోరుగా స్కార్పియన్ అనే మిరప పుట్టిన దీవి. 2012లో న్యూ మెక్సికో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు పరీక్షిస్తే ఆ మిరప సగటున 12 లక్షల స్కోవిల్ యూనిట్లు (కారం కొలత) దాటింది. మన గుంటూరు సన్నం 35 నుంచి 40 వేలు. షాపులో వాడేది అంత భయంకరమైనది కాదు గానీ, కొత్తగా చేరిన కొలీగ్ ఒకాయన ‘మాది గుంటూరండీ’ అంటూ ‘ప్లెంటీ’ చెప్పాడు. ఆ పూటంతా మేం పెరుగు కోసం సూపర్ మార్కెట్లు తిరిగాం. ‘స్లైట్’ అనండి, చాలు. సాస్ కారం కూడా రోజుకో రకంగా ఉంటుంది, అది ఇంకో టెన్షన్.

తాగడానికి మాబీ అనే చెట్టు బెరడు పానీయం ఉంటుంది, చేదు. నాకు పడలేదు. క్రిస్మస్ దగ్గర పడితే సోరెల్ వస్తుంది. అది మన గోంగూర జాతి మొక్కే, ఎర్రటి కాయ రేకలు మరిగించి, లవంగం, చక్కెర వేసి చల్లగా ఇస్తారు. ఆకుతో కూర వండుకోవడం మాత్రం ఇక్కడ నేనెక్కడా చూడలేదు. పుల్లటి ఆకు పక్కన పెట్టి పువ్వు తాగేవాళ్లను ఏమనాలి!

కుర్చీలు తక్కువ, ఫ్యాన్ ఒకటే, చేతులు కడుక్కునే సింక్ మాత్రం ఎప్పుడూ శుభ్రంగా ఉంటుంది. కార్డు తీసుకోరు, క్యాష్ పట్టుకెళ్లండి. ఆదివారం మూసేస్తారు, కార్నివాల్ పండగ సోమ, మంగళవారాలు ఎలాగూ తెరవరు. నెలాఖరు శుక్రవారం మధ్యాహ్నం మాత్రం వెళ్లొద్దు. జీతాలు పడిన రోజు లైన్ రోడ్డు దాకా వస్తుంది, మేక కూర ఒంటిగంటకే అయిపోతుంది.