ఇందిరమ్మ ఇల్లు: పథకం మంచిదే, ఇబ్బందంతా బేస్‌మెంట్ దగ్గరే

సొంత జాగా ఉన్న పేద కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 లక్షలు ఇచ్చే ఈ పథకంలో ముందుగా మెచ్చుకోవాల్సింది, డబ్బు కాంట్రాక్టరు చేతికి పోకపోవడం. ఇల్లు ఆడవాళ్ల పేరున మంజూరవుతుంది, బిల్లు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. మేస్త్రీ ఎవరో, ఇటుక ఎక్కడ కొనాలో ఇంటివాళ్లే చూసుకుంటారు. అంతకుముందటి డబుల్ బెడ్‌రూం ఇల్లు 560 చదరపు అడుగులు, లబ్ధిదారుకు పైసా ఖర్చుండేది కాదు. కానీ టెండర్లు, కేటాయింపులు దాటి తాళంచెవి చేతికొచ్చేసరికి చాలామందికి ఏళ్లు పట్టింది.

అసలు ఇబ్బంది మొదటి విడతది. బేస్‌మెంట్ పూర్తయ్యాకే మొదటి లక్ష. గుంతలు, పిల్లర్లు, ప్లింత్ బీమ్ (గోడల కింద వేసే కాంక్రీటు దూలం), మట్టి నింపడం అంతా చేతి డబ్బుతోనే కావాలి. నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష తెస్తే నెలకు 3,000 పోతుంది, బిల్లు ఆలస్యమైన ప్రతి నెలా అంతే. అందుకే మహిళా సంఘంలో ఉన్నవాళ్లు మంజూరు పత్రం రాగానే సంఘం రుణం అడగడం మేలు. ముగ్గు పోసినప్పుడే కొంత అడ్వాన్సు ఇస్తే తప్ప బాగా పేదవాళ్లకు ఈ పథకం పూర్తిగా అందదు. ప్రభుత్వం వెంటనే మార్చాల్సింది ఇదే.

ఇక కొలతలు. పల్లెల్లో 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. దాటితే బిల్లు ఆగుతుంది. లోపల 20 బై 20 వచ్చేలా తొమ్మిదంగుళాల గోడ కడితే బయటి కొలత ఇరవై ఒకటిన్నర బై ఇరవై ఒకటిన్నర, అంటే 462. నడుమ నాలుగున్నర అంగుళాల అడ్డగోడ ఒకటి లేస్తే లోపల ఏడున్నర చదరపు అడుగులు తగ్గి 400 కిందికి వస్తుంది. ప్లాను 500 దగ్గర ఉంచుకుంటే ఎటూ ఇబ్బంది ఉండదు. మేస్త్రీ మాట మీద వదిలేయకుండా, తవ్వక ముందే పంచాయతీ కార్యదర్శిని పిలిచి టేపుతో కొలిపించాలి.

ప్రతి దశలోనూ యాప్‌లో జియో ట్యాగ్ ఫొటో, అంటే ఎక్కడ తీశారో నమోదయ్యే ఫొటో తీస్తారు. బేస్‌మెంట్ నాలుగు మూలలూ కనబడాలి, ఇసుక కుప్పలు అడ్డుండకూడదు. ఫొటో బాగున్నా డబ్బు రాలేదంటే ఆధార్ ఏ ఖాతాకు లింకైందో బ్యాంకులో అడగండి. ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతాలో పడి ఉండవచ్చు.

గోడలకు, స్లాబుకు కలిపి 3 లక్షలు, అందులో పెద్ద వాటా స్లాబుదే. నాలుగున్నర అంగుళాల మందంతో 450 చదరపు అడుగుల స్లాబుకు దాదాపు 40 బస్తాల సిమెంటు పడుతుంది. సెంట్రింగ్ అద్దె, కూలీ అదనం. ఇది కూడా పోసిన తర్వాతే వచ్చే బిల్లు కాబట్టి ఆ డబ్బు ముందే సమకూర్చుకోవాలి. ఇసుక ఉచితమే, ట్రాక్టరు కిరాయి మాత్రం మనదే.

డబుల్ బెడ్‌రూం పథకంలో రోడ్డు, నీళ్లు, మురుగుకాలువల కోసం ఊళ్లలో ఇంటికి 1.25 లక్షలు విడిగా ఉండేవి. ఇక్కడ ఆ పద్దు లేదు. వీధికి సీసీ రోడ్డు పడితే ఎత్తు పెరుగుతుంది, వాన నీళ్లు పల్లంలో ఉన్న గడప మీదికి వస్తాయి. బేస్‌మెంట్‌ను ఇప్పటి రోడ్డు కంటే కనీసం రెండడుగులు ఎత్తులో పెట్టించండి.