గద్ది కుక్క వైవిధ్యం కొలవాలంటే: వంశావళా, మైక్రోశాటిలైటా, స్నిప్ చిప్పా?

హిమాచల్‌లో చంబా, కాంగ్రా కొండల్లో గద్ది కాపరుల మందల వెంట ఒక పెద్ద కుక్క నడుస్తుంది. చిరుత మెడ పట్టకుండా దానికి మేకులున్న ఇనుప పట్టీ కడతారు. 2025లో దీన్ని దేశీ జాతిగా నమోదు చేశారు. రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ తర్వాత ఆ జాబితాకెక్కిన నాలుగో కుక్క ఇది. మరి ఈ జాతి లోపల జన్యు వైవిధ్యం ఎంతుందో ఎలా కొలవాలి?

అన్నిటికన్నా చవకైనది వంశావళి లెక్క. 1922లో అమెరికా జన్యుశాస్త్రవేత్త సీవాల్ రైట్ ఇచ్చిన సూత్రం. తల్లి నుంచి, తండ్రి నుంచి ఒకే పూర్వీకుడి జన్యువు రెండు ప్రతులుగా బిడ్డకు చేరే అవకాశం ఎంతో ఇది చెబుతుంది. మేనరికాలు తెలిసిన మనకు ఇది కొత్త కాదు: మేనమామను చేసుకుంటే పుట్టే బిడ్డకు 12.5 శాతం, మేనబావనైతే 6.25. ఒకే ఈత కుక్కలు జతకడితే 25. ఐస్‌లాండ్ గొర్రెల కుక్కకు దశాబ్దాల వంశాల రిజిస్టర్ ఉంది కాబట్టి అక్కడ ఈ లెక్క నడుస్తుంది. అయినా మొదటి పేజీలోని కుక్కలు ఒకదానికొకటి ఏమీ కావని అది నమ్మేస్తుంది. ఒకే ఈతలోని పిల్లలన్నిటికీ ఒకే అంకె వేస్తుంది, నిజంగా అవి పంచుకున్న జన్యువులు వేరైనా సరే. గద్ది కుక్కకైతే అలాంటి రిజిస్టరే లేదు. తల్లి ఎవరో కాపరి చెబుతాడు, తండ్రి సంగతి దేవుడికెరుక.

మైక్రోశాటిలైట్లు ఖర్చు తక్కువ, చిన్న ల్యాబ్‌లోనూ అవుతాయి. ఇవి డీఎన్‌ఏలో ఒకే చిన్న ముక్క మళ్లీ మళ్లీ వచ్చే చోట్లు. అలాంటి ఇరవై ముప్పై చోట్ల డీఎన్‌ఏ పొడవు చూస్తారు. జాతి మొత్తం సగటుకు అది చాలు. ఫలానా కుక్క దగ్గరి సంబంధంలో పుట్టిందా అంటే మాత్రం తడబడుతుంది. పైగా రెండు ల్యాబ్‌ల అంకెలు ఒకచోట పెట్టి పోల్చడం పెద్ద తలనొప్పి.

స్నిప్ అంటే డీఎన్‌ఏలో ఒక్క అక్షరం తేడా. స్నిప్ చిప్ అలాంటి లక్షా డెబ్భై వేల చోట్లకు పైగా చూస్తుంది. తల్లి వైపు, తండ్రి వైపు ఒకేలా ఉన్న పొడవాటి ముక్కలు కనిపిస్తే సంబంధం కలిసింది ఈమధ్యే. పొట్టివైతే పాత తరాల నాటిది. దీనికీ ఒక వంకర ఉంది. చిప్ మీది గుర్తుల్ని ఎక్కువగా పాశ్చాత్య జాతుల నుంచి ఏరారు. మన కొండ కుక్కకే సొంతమైన తేడాలు దాని కంట పడకపోవచ్చు.

అయినా నా ఓటు చిప్‌కే. గద్ది కుక్కకు అసలు ముప్పు ఊరకుక్కలతో కలిసిపోవడం. అలా కలిస్తే వైవిధ్యం అంకె పెరుగుతుంది! మైక్రోశాటిలైట్ల సగటు చూసి బాగుందని మురిసిపోతుంటే ఇవతల జాతి కరిగిపోతూ ఉంటుంది. పోల్చడానికి ఊరకుక్కల నమూనాలు కూడా తీసుకుంటే, ఒక్కో కుక్కలో బయటి వాటా ఎంతో చిప్ చాలా మెరుగ్గా అంచనా కడుతుంది. డబ్బుంటే కొన్ని కుక్కలకు జన్యుపటం మొత్తం చదివిస్తే ఆ వంకరా పోతుంది.

ఏ పద్ధతైనా రక్తం ఎక్కడ తీశామన్నది చూసుకోవాలి. ఒకే మందలో పది కుక్కల దగ్గర తీస్తే చాలావరకు అక్కాచెల్లెళ్లే దొరుకుతారు. కాపరులు చలికాలం కిందికి దిగినప్పుడు మందకు ఒకటి రెండు చొప్పున, వేర్వేరు లోయల వాళ్ల దగ్గర తీసుకోవాలి.