విష్‌బోన్లు చేయించుకునేవారికి హెచ్చరిక: నల్ల రంగు వేసి ఇస్తే తీసుకోకండి

వరంగల్ చుట్టుపక్కల సొంతంగా కారు కట్టుకుంటున్నవారు, కాలేజీ పోటీలకు బగ్గీలు చేస్తున్న విద్యార్థులు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ఇక్కడి ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో ముందు చక్రాల విష్‌బోన్లు (చక్రాన్ని కారు చట్రానికి పట్టి ఉంచే ఆర్మ్‌లు) చేయించి నేను దారుణంగా మోసపోయాను. షాపు పేరు రాయను. ఈ పని ఇలాగే చేసే షాపు అదొక్కటే అని నేను అనుకోవడం లేదు.

నేను కడుతున్నది లోటస్ సెవెన్ పోలికలో ఉండే రెండు సీట్ల చిన్న కారు. 1957లో కాలిన్ చాప్‌మన్ తెచ్చిన ఆ కారును చూసి ప్రపంచమంతా ఇళ్లలో కట్టుకుంటూనే ఉన్నారు. రిజిస్ట్రేషన్ లేని బండితో రోడ్డెక్కే ఉద్దేశం నాకు లేదు. మామయ్యగారి మామిడితోటలో పొడవాటి మట్టిదారి ఉంది, నాకు అదే చాలు.

విష్‌బోన్లంటే ఇవే: ముందు చక్రానికి పైన ఒకటి, కింద ఒకటి త్రికోణాకారపు ఆర్మ్‌లు ఉంటాయి. మన మెకానిక్‌లు వాటిని ‘ఏ ఆర్మ్’ అంటారు. రెండు వైపులకూ కలిపి నాలుగు కావాలి. డ్రాయింగులో స్పష్టంగా రాసిచ్చాను: బయటి కొలత 25 మిల్లీమీటర్లు, మందం 3, సీమ్‌లెస్ (పొడవునా అతుకు లేని) పైపు. “సీమ్‌లెస్ ఇక్కడ దొరకదు తమ్ముడూ, రాణిగంజ్ నుంచి తెప్పించాలి, దానికి వేరే అవుతుంది” అన్నాడు యజమాని. మొత్తం 16 వేలకు ఒప్పుకుని, 9 వేలు అడ్వాన్సు ఇచ్చాను. “ట్రాక్టర్ ట్రాలీలే మా చేతిమీదుగా పోతాయి, మీ బొమ్మ కారు ఒక లెక్కా?” అని కూడా అన్నాడు. ఆ మాటకే నేను పడిపోయాను.

పది రోజుల తర్వాత నిగనిగలాడే నల్ల రంగుతో నాలుగూ చేతికి వచ్చాయి. ఆర్మ్ చట్రానికి బిగిసే చోట ఉండే రబ్బరు బుష్‌ల దగ్గర కాలిన వాసన వస్తుంటే కొత్త రంగు వాసన అనుకున్నాను. నిజానికి బుష్‌లు లోపల ఉంచే వెల్డింగ్ చేశారు. తీసి చూస్తే అంచులు కరిగి గట్టిపడి ఉన్నాయి, వాటిని పట్టుకునే గొట్టాలు వేడికి గుండ్రం తప్పాయి. ఇది తర్వాత తెలిసిన సంగతి.

మూడో ఆదివారం తోటలో 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ బ్రేకు వేశాను. ఎడమవైపు ముందు చక్రం ఒక్కసారిగా లోపలికి మడుచుకుపోయి, కారు ముక్కు మట్టిలో దిగబడింది. దెబ్బలేమీ తగలలేదు. విరిగింది కింది ఆర్మ్, సరిగ్గా చక్రం వైపు కీలు అయిన బాల్ జాయింట్ పక్కన. అక్కడే విరగడం వింత కాదు. బ్రేకు వేయగానే నేల టైరును వెనక్కి లాగుతుంది. చక్రం మీటలా పనిచేసి పై ఆర్మ్‌ను ముందుకు తోస్తుంది, కిందిదాన్ని వెనక్కి లాగుతుంది. అందుకే కింది ఆర్మ్ మీద పడే బలం అసలు బ్రేకు బలం కన్నా ఎక్కువ.

విరిగిన చోటును ఎండలో పెట్టి చూశాను. వెల్డు తెగలేదు, టోపీ తీసినట్టు ఊడి వచ్చింది. పైపు చివర కటింగ్ వీల్ గీతలు చెక్కుచెదరకుండా అలాగే కనిపిస్తున్నాయి, అంటే అక్కడ లోహం కరగనే లేదు. పైపు నోటిని గుండ్రంగా తొలిచి కూర్చాల్సింది. అడ్డంగా కోసేసి, మిగిలిన సందులో వెల్డింగ్ రాడ్డు ముక్కలు కుక్కి, పైన ఒక పొర వెల్డింగ్ కప్పారు. గతుకుల మీద లప్పం, లప్పం మీద రంగు. గేట్లకు, గ్రిల్స్‌కు ఈ పద్ధతి చెల్లుతుందేమో. గేటు విరిగితే దాని మీద కూర్చుని ఎవరూ ప్రయాణం చేయరు కదా.

పైపు సంగతి ఇంకా ఘోరం. మందాలు కొలిచే వెర్నియర్‌తో కొలిస్తే 25 కాదు, దాదాపు 27 వచ్చింది. అది ముప్పావు అంగుళం నీళ్ల పైపు కొలత. లోపల వేలు పెడితే పొడవునా అతుకు గీత తగులుతోంది, వెల్డు పక్కన తెల్లటి జింకు పొడి. జీఐ పైపును, అంటే జింకు పూత ఉన్న పైపును, పూత గీకకుండా వెల్డింగ్ చేస్తే జింకు ఆవిరై వెల్డు నిండా బుడగలు మిగులుతాయి. ఇంటికొచ్చి మిగిలిన మూడింటినీ వంటింటి గ్రానైట్ గట్టు మీద పెట్టాను. ఒక్కటి కూడా నిలకడగా కూర్చోలేదు. పై ఆర్మ్‌లు రెండింటికీ పొడవులో 6 మిల్లీమీటర్ల తేడా ఉంది. ముక్కలను కదలకుండా పట్టే ఫిక్చర్‌లో బిగించకుండా చేతి అంచనాతో అతికించారన్నమాట.

యజమాని మొదట “మీరే గుంతలో దింపి ఉంటారు” అన్నాడు. వెర్నియర్ బయటికి తీశాక గొంతు తగ్గించి 4 వేలు తిరిగి ఇచ్చాడు. బిల్లు తెల్ల కాగితం మీద రాసిచ్చింది, పైపు రకం అందులో లేదు. ఫోనులో చేసిన చెల్లింపు ఒక్కటే నా దగ్గరున్న ఆధారం. దానితోనే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. వెల్డర్ కుర్రాడి మీద నాకు కోపం లేదు, చేతికిచ్చిన పైపునే అతికించాడు. సీమ్‌లెస్ డబ్బు తీసుకుని నీళ్ల పైపు పెట్టినవాడి సంగతి వేరు.

ఈసారి పైపు నేనే కొనుక్కొచ్చాను. 25 బయట, 3 మందం ఉంటే మీటరుకు సుమారు 1.63 కిలోలు తూగాలి, కాటా మీద పెట్టి చూసుకున్నాను. వేరే షాపులో ముందు మిగులు ముక్కలతో ఒక అతుకు వేయించి, వైస్‌లో బిగించి సుత్తితో విరగ్గొట్టమన్నాను. పైపు వంగింది, అతుకు ఊడలేదు. ఆ తర్వాతే పని అప్పగించాను. పగుళ్లు చూసే ఎర్ర రంగు స్ప్రే కూడా వాడాను కానీ దాన్నే నమ్ముకోకండి. అది పైకి తేలిన పగుళ్లనే పట్టిస్తుంది, లోపల కరగని అతుకును చూపించదు. ఫిక్చర్‌లో టాక్ (ముక్కలు నిలిచేలా చిన్న చుక్క వెల్డింగ్) వేసినప్పుడు ఒకసారి, వెల్డింగ్ పూర్తయి చల్లారాక మరోసారి దగ్గరుండి కొలిచాను. రంగు వేయవద్దని ముందే చెప్పాను, నూనె గుడ్డతో తుడిచి ఇచ్చారు.

విరిగిన ఆర్మ్ నా దగ్గరే ఉంది. హనుమకొండ వైపు ఎవరైనా ఆర్మ్‌లు చేయించబోతుంటే చెప్పండి, తెచ్చి చూపిస్తాను. లప్పం పొర ఇంకా దానికే అంటుకుని ఉంది.