రాజమండ్రిలో మూడు రోజులు: వేళ తప్పితే దొరకని తిండి

ఆగస్టు చివరి వారంలో గౌతమీ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళి రాజమండ్రిలో దిగాం. నేను పుట్టి పెరిగింది అనంతపురం, మా ఆయనది కర్నూలు, ఇప్పుడు ఉండేది హైదరాబాద్. ఇద్దరికీ గోదావరి అంటే రైలు కిటికీలోంచి ఒక నాణెం విసిరి దండం పెట్టుకోవడమే. అక్కడ దిగి, కూర్చుని, తిన్నది లేదు. ఈసారి గుళ్ళు, మ్యూజియాలు పక్కన పెట్టి కేవలం తినడానికే వెళ్ళాం.

మొదటి రోజు మాత్రం సగం వృథా అయింది. స్టేషన్ దగ్గరే ఒక లాడ్జిలో ముందే గది బుక్ చేసుకున్నాం. "ఫ్రీ బ్రేక్‌ఫాస్ట్" అని ఉంటే మంచిదే కదా అనుకున్నాం. వేడినీళ్ళు రాలేదు, ఏసీ చప్పుడుకి సరిగా నిద్ర పట్టలేదు. అవి ఎక్కడైనా ఉండే ఇబ్బందులే. అసలు నష్టం ఆ బ్రేక్‌ఫాస్ట్‌తో జరిగింది. ఎనిమిదిన్నర దాకా దాని కోసం ఎదురుచూస్తే బ్రెడ్డు, చల్లారిన ఇడ్లీ పెట్టారు. అవి వదిలేసి బజారుకి వెళ్ళేసరికి తొమ్మిదిన్నర. మాకు ఎవరో చెప్పిన చిన్న టిఫిన్ కొట్టు ముందు పెనం కడుగుతున్నారు. "పెసరట్టు అయిపోయిందండి. రేపు ఆరింటికి రండి, వేడి వేడిగా వేస్తాను," అన్నాడాయన. అలా చెప్పడంలో ఎంత మర్యాద ఉందంటే కోపం కూడా రాలేదు.

మేమెక్కిన ఆటో ఆయన ఇంకా సూటిగా చెప్పాడు. "ఇక్కడ మంచి తిండంతా పొద్దున్న ఎనిమిదిలోపు, సాయంత్రం ఆరు తర్వాత అండి. మధ్యలో దొరికేది ఏ ఊళ్ళోనైనా దొరుకుద్ది." మూడు రోజుల తర్వాత ఆ మాట అక్షరాలా నిజమని నేనూ అంటాను. వేళ ఒక్కటే కాదు, నెల కూడా చూసుకోవాలి. తాటిముంజలు, పనసకాయ కూర తినాలంటే ఎండాకాలంలో వెళ్ళాలి. మేం వెళ్ళింది ఎర్రనీళ్ళు వచ్చే రోజుల్లో. అంటే పులస రోజుల్లో.

పులస గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మేం మోసపోయింది అక్కడే. ఈ చేప సముద్రంలో ఉన్నప్పుడు విలస. జూలై, ఆగస్టుల్లో గోదావరికి కొత్తనీరు వచ్చినప్పుడు గుడ్లు పెట్టడానికి అంతర్వేది, యానాం వైపు నుంచి నదిలోకి ఎదురీదుతుంది. ఆ ఎదురీతలో ఉప్పదనం పోయి, కొవ్వు పట్టి, రుచి మారి పులస అవుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ అడ్డం ఉండడంతో ఎక్కువగా ఆ దిగువనే వలకి పడుతుంది. "పుస్తెలమ్మి అయినా పులస తినాలి" అన్న సామెత మా సీమలో కూడా తెలుసు. ధర కిలో వేలల్లో ఉంటుంది. అందుకే ఐసులో వేసిన వేరే రాష్ట్రాల సముద్రపు చేపని పులస అని అమ్మేవాళ్ళూ ఉంటారు.

మొదటి రోజు మధ్యాహ్నం నది దగ్గర ఒక పెద్ద రెస్టారెంట్‌లో పులస పులుసు అడిగాం. పది నిమిషాల్లో వచ్చేసింది. చేప ముక్క చప్పగా, పులుసు విడిగా, చింతపండు ఘాటు ఒక్కటే నాలుక మీద. బిల్లు మాత్రం పులస బిల్లే. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: మెనూ కార్డులో పులస కనిపించి, అడగ్గానే వచ్చేస్తే, అడగకుండా ఉండడమే మంచిది.

సాయంత్రానికి ఊరు తన మంచి ముఖం చూపించింది. పుష్కర ఘాట్ మెట్ల దగ్గర కూర్చున్నాం. నీళ్ళు నిజంగానే ఎర్రగా, మెట్లు సగం మునిగేలా ఉన్నాయి. ఒకపక్క 1997లో రైళ్ళు ఆపేసిన పాత హేవ్‌లాక్ వంతెన, దాని పక్కనే ఇప్పుడు రైళ్ళు నడిచే ఆర్చ్ వంతెన. అక్కణ్ణించి మెయిన్ రోడ్డు వైపు నడిచి "రాజమండ్రి రోజ్ మిల్క్" తాగాం. పేరు విని రంగునీళ్ళు అనుకునేదాన్ని. కాదు. పాలు చిక్కగా, బాగా చల్లగా ఉన్నాయి, గులాబీ వాసన గొంతు దిగాక గానీ తెలియలేదు. తీపి మాత్రం మా నోటికి ఒక పిసరు ఎక్కువ. కోవా కూడా తీసుకున్నాం, రెండూ కలిపి తినడం తీపి ఇష్టమైనవాళ్ళకే సరిపోతుంది.

ఆ రాత్రి భోజనం ఒక బండి దగ్గర మినపరొట్టె. దీన్ని దిబ్బరొట్టె అని కూడా అంటారు. చిన్న మూకుడులో నూనె వేసి, మినపపిండి బియ్యపు రవ్వ కలిపిన పిండిని రెండు వేళ్ళ మందాన పోసి, మూత పెట్టి, మూత మీద కూడా నిప్పులు వేశాడు. పావుగంట పైనే పట్టింది. అడుగు కరకరలాడుతూ ఎర్రగా, లోపల దూదిలా ఉంది. నేను అల్లప్పచ్చడితో తిన్నాను. మా ఆయన పక్కవాళ్ళని చూసి చెరుకు పానకంలో ముంచుకుని తిన్నారు. అయ్యాక ఇంకొకటి చెప్పారు. ఇద్దరి ఖర్చూ కలిపి మధ్యాహ్నం బిల్లులో పదోవంతు కాలేదు.

రాత్రికే లాడ్జి ఖాళీ చేసి దానవాయిపేటలో ఒక మామూలు హోటల్‌కి మారాం. గది చిన్నదే కానీ శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంది. బ్రేక్‌ఫాస్ట్ లేని గదే అడిగి తీసుకున్నాం. తినడానికి వెళ్ళేవాళ్ళకి అదే సరైన గది. స్టేషన్‌కి దగ్గర ఉండాలన్న టెన్షన్ పెట్టుకోకండి. ఊరు చిన్నది, ఆటోలు తెల్లవారుజాము నుంచే తిరుగుతాయి. గోదావరి స్టేషన్ ఘాట్‌కి, మెయిన్ రోడ్డుకి దగ్గర గానీ అక్కడ అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ ఆగవు, టికెట్ తీసేటప్పుడు చూసుకోవాలి.

రెండో రోజు కారు మాట్లాడుకుని ఐదింటికే కోనసీమ బయల్దేరాం. డ్రైవరు ధవళేశ్వరం మనిషి, ఏభై దాటినాయన, మాట మాటకీ "ఆయ్" అంటూ మమ్మల్ని నవ్వించాడు. ఈ రోజుల్లో వెళ్ళేవాళ్ళు ముందురాత్రి ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎంతో చూసుకోవాలని ఆయనే చెప్పాడు. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండోది దాటితే నది మధ్య దీవుల్లా ఉండే లంకల వైపు వెళ్ళే ఆలోచన మానుకోవడమే మంచిదన్నాడు.

ముందుగా అంబాజీపేట వెళ్ళాం, పొట్టిక్కల కోసం. నాలుగు పనసాకులు పుల్లలతో కుట్టి చిన్న బుట్టలు చేస్తారు. వాటిలో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. విప్పగానే పచ్చి ఆకు వాసన వస్తుంది, ఇడ్లీ ఒంటి మీద ఈనెల గీతలు కనిపిస్తాయి. కొబ్బరి చట్నీ, బొంబాయి చట్నీ, పైన కారప్పొడి, నెయ్యి. నేను తిన్న టిఫిన్లలో మొదటి మూడింటిలో పెడతాను. మేం లేచేసరికి వెనక ఒక ఇరవైమంది నిలబడి ఉన్నారు.

తిరుగు దారిలో ఆత్రేయపురం. పూతరేకులు కొట్లో కొనుక్కుని వచ్చేస్తే పని అయిపోయినట్టే, కానీ తయారీ చూడకపోతే సగం పోగొట్టుకున్నట్టు. ఒక ఇంటి వసారాలో ఒకావిడ పొయ్యి ముందు కూర్చుని ఉన్నారు. పొయ్యి మీద బోర్లించిన మట్టికుండ, దాని వీపు నల్లగా అద్దంలా మెరుస్తోంది. కింద ఎండు కొబ్బరాకులు మండుతున్నాయి. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండిని పాలంత పల్చగా కలుపుకుని, అందులో ఒక గుడ్డ ముంచి, రెండు చేతులతో పట్టుకుని కుండ మీద ఒక్కసారి లాగారు. పూత పడింది. కళ్ళార్పేలోపు ఆరి అంచు లేచింది. వేళ్ళతో అలా తీసి పక్కన పెట్టారు. కాగితం కన్నా పల్చన, అవతల ఉన్న నా చెయ్యి కనిపించింది. పూత, రేకు: ఆ పేరు ఎంత సరిగ్గా పెట్టారో అప్పుడే అర్థమైంది.

"నేను ప్రయత్నించొచ్చా అండీ?" అంటే ఆవిడ జరిగి చోటిచ్చారు. వేడికి నా చెయ్యి ఆగిపోయింది, రేకు చిరిగి పోగులైంది. "నేను పదేళ్ళప్పుడు కూర్చున్నానమ్మా ఈ పొయ్యి దగ్గర," అన్నారు. ఆవిడ ముంజేతి మీద పాత కాలిన మచ్చలు వరసగా ఉన్నాయి. అప్పటి నుంచి పూతరేకులు బేరమాడి కొనడం నాకు సిగ్గుగా అనిపిస్తోంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఫలం ఆ పొయ్యి దాకా రావాలని మనసారా కోరుకుంటున్నాను.

కొనేవాళ్ళకి నా సలహా: బెల్లం, నెయ్యి వేసినవే తీసుకోండి. డ్రైఫ్రూట్స్ కూరినవి చూడ్డానికి బాగుంటాయి కానీ జీడిపప్పు పలుకుల మధ్య రేకు రుచి తెలియదు. చాక్లెట్‌వి కూడా పెట్టారు, ఒకటి కొరికి వదిలేశాం. ఇంటికి తెచ్చుకోవడానికి అట్టపెట్టె గట్టిగా ఉండేలా చూసుకోండి, పైన ఇంకేం పెట్టకండి. ఇక్కడే మామిడితాండ్ర కూడా అమ్ముతారు. వరసలు వరసలుగా ఉన్నది, నారలు తగిలేది తీసుకుంటే మంచిది. కాజా కోసం తాపేశ్వరం కూడా వెళ్ళాలనుకున్నాం గానీ కడుపులో చోటు లేదు.

బొబ్బర్లంక మీదుగా కాలువ గట్టున వస్తుంటే డ్రైవరుకి మా మొదటిరోజు పులస కథ చెప్పాను. కాసేపు మాట్లాడలేదాయన. ధవళేశ్వరంలో కారాపి ఒక చేపలావిడ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ రెండు చేపలు పక్కపక్కన పెట్టి చూపించింది. "ఇది సముద్రందమ్మా, తెల్లగా ఉంది. ఇది మన ఏటిది, బంగారం రంగు తిరిగింది చూడు." బేరం ఆడే చేప కాదు. కిలో లోపుదే ఒకటి తీసుకున్నాం. వండేది డ్రైవరు వదినగారు, సీజన్లో ఇంట్లోనే ఆర్డర్ల మీద వండి ఇస్తారట. మట్టిదాకలో, కట్టెల పొయ్యి మీద, బెండకాయ ముక్కలు, పచ్చిమిరప, చింతపండు పులుసు, దించే ముందు కాస్త ఆవకాయ నూనె. గరిట పెట్టరు, దాకనే అటూ ఇటూ తిప్పుతారు. మర్నాడు పొద్దున్నే స్టీలు క్యారియర్‌లో తెచ్చిచ్చి, "ఇప్పుడు తినకండమ్మా, రాత్రికి తినండి. పులుసు ముక్కకి పట్టాలి," అన్నారావిడ.

హోటల్ వాళ్ళని అడిగితే ఆ క్యారియర్ సాయంత్రం దాకా వాళ్ళ వంటింట్లో భద్రంగా ఉంచారు, పైసా అడగలేదు. మూడో రోజు పొద్దున్న ఆరింటికి మొదటి రోజు కొట్టుకే మళ్ళీ వెళ్ళాం. ఆయన గుర్తుపట్టి నవ్వి రెండు పెసరట్లు, మధ్యలో ఉప్మా వేసి ఇచ్చాడు. అల్లం, జీలకర్ర పిండిలోనే రుబ్బినట్టున్నాడు. మధ్యాహ్నం ఎండకి ఒక సోడా కొట్లో ఆర్టోస్ తాగాం. 1919లో రామచంద్రపురంలో మొదలై, పెద్ద కంపెనీల మధ్య ఇంకా నిలబడ్డ మన డ్రింకు ఇది. ద్రాక్షపండు రంగులో, గ్యాస్ కాస్త తక్కువగా, చిన్నప్పటి తిరునాళ్ళు గుర్తొచ్చేలా ఉంది. అక్కడికి వెళ్తే ఇంకేదీ అడక్కుండా ఇదే అడగండి.

రాత్రి రైలెక్కి, సీట్లో సర్దుకుని, రైలు వంతెన ఎక్కగానే క్యారియర్ మూత తీశాను. పైన నూనె ఎర్రగా తేలి ఉంది. చల్లని పులుసు, హోటల్లో కట్టించుకున్న అన్నం. ముల్లు సన్నగా, దండిగా ఉంటుంది, తొందరపడకూడదు. మేం ముక్కని వేళ్ళతో విడదీసి, ఒక్కో ముల్లూ తీసి పేపరు మీద పెట్టుకుంటూ తిన్నాం. కొవ్వూ పులుపూ కలిసి వెన్నలా కరిగిపోయింది. ఎదురు బెర్తు పెద్దాయన వాసనకి లేచి కూర్చుని, "పులసేనా అమ్మా?" అన్నారు. ఆయనకీ ఒక ముక్క, కాస్త పులుసన్నం పెట్టాను. కొవ్వూరు దాటేదాకా ఎవరం మాట్లాడలేదు.