గురకకు మాస్కా, దవడ పరికరమా: ఏది మేలు?

"గుర్రుపెట్టి నిద్రపోయాడు" అంటే మన దగ్గర హాయిగా పడుకున్నాడనే లెక్క. మా బావగారి గురించి పదేళ్లు అలాగే అనుకున్నాం. రైల్లో పక్క బెర్తులవాళ్లకు నిద్ర ఉండేది కాదు. ఆయనేమో పొద్దున్నే లేచి తలనొప్పి అనేవారు. గురక ఉన్నట్టుండి ఆగడం, కాసేపటికి ఉలిక్కిపడి ఊపిరి లాక్కోవడం మొదట గమనించింది అక్కే. స్లీప్ టెస్ట్ చేయిస్తే అది స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు అని, గంటకు 24 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో జరుగుతోందని తేలింది.

గంటకు ఎన్నిసార్లు అనే ఈ అంకెనే ఏహెచ్ఐ అంటారు. 5 నుంచి 15 లోపు ఉంటే స్వల్పం, 15 నుంచి 30 లోపు మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. నిద్రలో నాలుక, మెత్తటి అంగిలి సడలి గొంతుకు అడ్డం పడతాయి. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు కంగారుపడి లేపుతుంది, బీపీ ఎగుస్తుంది. రాత్రంతా ఇదే తంతు. మూడు రకాల మాత్రలు వేసినా దిగని బీపీ ఉన్నవాళ్లలో చాలామందికి ఈ జబ్బు బయటపడుతుంది. గుండె లయ తప్పడం, పక్షవాతం, షుగర్‌లతోనూ దీనికి సంబంధం ఉంది. ఇక స్టీరింగ్ ముందు కునుకు తీస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. 2022లో సంగీత దర్శకుడు బప్పి లహరి చనిపోయినప్పుడు డాక్టర్లు ఈ జబ్బు పేరే చెప్పారు.

బావగారి ముందు రెండు దారులున్నాయి. ఒకటి సీపాప్ మెషిన్. 1981లో ఆస్ట్రేలియా డాక్టర్ కొలిన్ సల్లివన్ లోకానికి చెప్పిన పద్ధతి ఇది. మాస్కులోంచి వచ్చే గాలి ఒత్తిడి గొంతును మూసుకోనివ్వదు. సరిగ్గా అమరితే మొదటి రాత్రి నుంచే పనిచేస్తుంది. మెషిన్ పెట్టిన తొలిరోజు ఇల్లంతా ఎంత నిశ్శబ్దమంటే, అక్క భయపడి లేచి ఆయన ఛాతీ మీద చెయ్యి వేసి చూసిందట! కానీ ముక్కు ఎండిపోతుంది, మాస్కు ఒరుసుకుంటుంది, కరెంటు పోతే ఆగిపోతుంది. రాత్రి రెండింటికి తనకు తెలియకుండానే పీకేసేవారు బావగారు.

రెండోది డెంటిస్టు చేసిచ్చే దవడ పరికరం. పై పళ్లకు, కింది పళ్లకు అచ్చు తీసి రెండు తొడుగులు చేస్తారు. అవి కింది దవడను కొన్ని మిల్లీమీటర్లు ముందుకు పట్టి ఉంచుతాయి. దవడతోపాటు నాలుకా ముందుకొస్తుంది, వెనక దారి తెరుచుకుంటుంది. ఒకేసారి లాగరు, వారాల తరబడి కొద్దికొద్దిగా జరుపుతారు. దీనికి కరెంటు అక్కర్లేదు, చప్పుడు లేదు. పొద్దున్నే దవడ నొప్పి, లాలాజలం ఊరడం మామూలే. ఏళ్లు గడిస్తే పళ్లు కాస్త కదిలి, పై పళ్లు కింది పళ్లు కలిసే తీరు మారవచ్చు. చిగుళ్లు వదులైనవాళ్లకు, ఊడిన పళ్లు ఎక్కువున్నవాళ్లకు, దవడ కీలు సమస్య ఉన్నవాళ్లకు సాధారణంగా సరిపడదు.

అంకెల్లో మెషినే గట్టిది. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో వందమందికి పైగా రెండూ నెల చొప్పున వాడి చూశారు. మొదట సుమారు 25 ఉన్న ఏహెచ్ఐ మెషిన్‌తో 4.5కి, పరికరంతో 11కి దిగింది. అయితే మెషిన్‌ను రాత్రికి సుమారు 5 గంటలే పెట్టుకున్నారు, పరికరాన్ని ఆరున్నర గంటలు. ఏడు గంటల నిద్రకు నేనే లెక్క వేశాను. మెషిన్ ఉన్న 5 గంటల్లో 23 సార్లు, తీసేసిన 2 గంటల్లో 50 సార్లు, మొత్తం 73. పరికరంతో, అది తీసేసిన అరగంట కూడా కలిపి, సుమారు 84. అంటే పెద్ద తేడా లేదు. ఆ అధ్యయనంలో బీపీ ఫలితాలూ దాదాపు సమానంగానే వచ్చాయి. మెషిన్‌ను 4 గంటలకే పీకేస్తే లెక్క తిరగబడుతుంది. 2016లో గుండె, మెదడు జబ్బులున్న 2,700 మందికి పైగా రోగుల మీద జరిగిన మరో పెద్ద పరీక్షలో సీపాప్ వాడకం సగటున 3.3 గంటలే. హార్ట్ ఎటాక్‌లు, పక్షవాతాలు తగ్గలేదు.

కాబట్టి ఏహెచ్ఐ 30 దాటినా, ఆక్సిజన్ బాగా పడిపోతున్నా ముందు మెషినే. అక్కడ పరికరం సగం తగ్గించినా మిగిలేది ఎక్కువే. స్వల్పం, మధ్యస్థం అయి, పళ్లు గట్టిగా ఉండి, మాస్కు సహించలేనివాళ్లకైతే డెంటిస్టు దగ్గరికే వెళ్లమంటాను. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం ఏ దారిలోనైనా మేలే.

ఆన్‌లైన్‌లో దొరికే, వేడినీళ్లలో ముంచి కొరికే తొడుగుల జోలికి మాత్రం పోవద్దు. ఇంకో మాట: అరిగిన పళ్లు, అంచుల్లో పళ్ల గుర్తులు పడ్డ నాలుక చూసి డెంటిస్టు ముందుగా అనుమానించగలరు. జబ్బు నిర్ధారణ మాత్రం స్లీప్ టెస్ట్‌తో డాక్టరే చేయాలి. పరికరం కుదిరాక, అది పెట్టుకుని మళ్లీ టెస్ట్ చేయించుకోవాలి. గురక పోయినా ఊపిరి ఆగుతూనే ఉండవచ్చు. చాలామంది ఎగ్గొట్టేది ఇదే.

బావగారికి పరికరం పెట్టుకుని చేసిన రెండో టెస్టులో 9 వచ్చింది. ఇప్పుడు ఇంట్లో ఉన్నప్పుడు మెషిన్, రైలెక్కితే జేబులో పరికరం డబ్బా.